కళ్లలోకి చూడను, పని చూడండి

2022 మే 7న రాంచీ నుంచి ఒక ఇండిగో విమానం హైదరాబాద్‌కు బయల్దేరింది. అందులో ఎక్కాల్సిన ఒక కుర్రాడూ, అతని అమ్మానాన్నా గేటు దగ్గరే ఆగిపోయారు. వైకల్యం ఉన్న ఆ పిల్లాడు కంగారుగా ఉన్నాడనీ, విమానం ఎక్కిస్తే మిగతావాళ్లకు ప్రమాదమనీ గ్రౌండ్ స్టాఫ్ తేల్చేశారు. తోటి ప్రయాణికులు ఇది అన్యాయమని మొత్తుకున్నారు. అదే విమానం ఎక్కుతున్న డాక్టర్లు పిల్లాణ్ణి మేం చూసుకుంటామన్నారు. ఎవరి మాటా చెల్లలేదు. విమానం శంషాబాద్‌లో దిగింది. ఆ ముగ్గురూ రాంచీలోనే ఉండిపోయారు.

దేశమంతా గొడవ అయ్యాక విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ విచారణ జరిపి, సిబ్బంది వ్యవహరించిన తీరే పరిస్థితిని ముదరబెట్టిందని తేల్చి, ఇండిగోకు 5 లక్షల రూపాయల జరిమానా వేసింది. కంపెనీ పెద్దాయన విచారం ప్రకటించి, పిల్లాడికి కరెంటుతో నడిచే చక్రాల కుర్చీ కొనిస్తానన్నాడు. ఆ రోజు పిల్లాడి దారికి అడ్డం నిలబడ్డది మనుషులు. మనుషుల్ని మార్చమంటే కుర్చీ కొనిస్తాననడం మన దేశంలో మాత్రమే జవాబుగా చెల్లుతుంది.

సమానత్వానికి 216 అడుగుల విగ్రహం నిలబెట్టుకున్న శంషాబాద్ మండలం మాది. ముచ్చింతల్‌లో సమతామూర్తిని ప్రధానమంత్రి వచ్చి ఆవిష్కరించింది ఆ ఏడాది ఫిబ్రవరి 5న. మూడు నెలలు తిరిగేసరికి మా ఊరికి రావాల్సిన పిల్లాణ్ణి ముఖం చూసి వెనక్కి పంపారు. ఆ పిల్లాడి వైకల్యం పేరేమిటన్నది ఇక్కడ ముఖ్యం కాదు. గేటు దగ్గర అతణ్ణి ఏ కొలతతో కొలిచారో అది ముఖ్యం. మనిషి ముఖంలో ఏం కనిపిస్తోంది, మన కళ్లకు అది ఇంపుగా ఉందా లేదా, అంతే. ఆ కొలత నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

నాది శంషాబాద్. ఇరవై ఆరేళ్లు. ఎయిర్‌పోర్ట్ పక్కన ఒక గోదాములో సరుకు లెక్క చూసే పని. కాలేజీ అయిపోయే రోజుల్లో ఒక డాక్టరమ్మ నన్ను మూడు పూటలు కూర్చోబెట్టి మాట్లాడించి, కాగితం మీద ఆస్పర్జర్స్ అని రాసింది. ఆ పేరు ఇప్పుడు పుస్తకాల్లోంచి పోయింది. అమెరికా మానసిక వైద్యులు 2013లో దాన్ని ఆటిజం స్పెక్ట్రమ్‌లో కలిపేశారు. వియన్నా డాక్టరు హాన్స్ ఆస్పర్జర్ నాజీల కాలంలో కొందరు పిల్లల్ని ఆమ్ ష్పీగెల్‌గ్రుండ్ అనే చంపుడు వార్డుకు పంపించాడని 2018లో హెర్విగ్ చెక్ అనే చరిత్రకారుడు పాత ఫైళ్లు తవ్వి బయటపెట్టాడు. అందుకని ఆ పేరు మీద నాకు ప్రేమేం లేదు. నన్ను ఆటిస్టిక్ అనండి, అభ్యంతరం లేదు. పేరు మార్చినంత మాత్రాన ఇంటర్వ్యూలో ప్రశ్న మారదు కాబట్టి ఆ చర్చ ఇక్కడితో చాలు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కించేది ఇంకొకటుంది. "పాజిటివ్‌గా ఉండు తమ్మీ" అనే ఆ సలహా. కౌన్సిలర్లు చెప్తారు, మోటివేషన్ స్పీకర్లు చెప్తారు, పండక్కి వచ్చిన చుట్టాలు చెప్తారు. ఆ మాటకు వాళ్ల నిఘంటువులో అర్థం ఒక్కటే: నీ ఇబ్బంది మాకు కనపడనీయకు. నవ్వు. చేయి కలుపు. కళ్లలోకి చూడు. చేతులు ఊపకు. చెప్పిందే మళ్లీ చెప్పకు. విమానాల గురించి అసలే మాట్లాడకు. ఇవన్నీ మానేసిన రోజున "అబ్బ, ఎంత మారిండు" అని మెచ్చుకుంటారు. ఆ మారినవాడు నేను కాదు, నా వేషం. ఆ వేషం పొద్దున తొమ్మిదికి కట్టి సాయంత్రం ఆరింటికి విప్పేసరికి ఒంట్లో ప్రాణం ఉండదు. ఇంటికొచ్చి లైటు ఆర్పి, ఫ్యాను చప్పుడు వింటూ గోడకు తిరిగి పడుకుంటే, "ఆఫీసులో అందరితోని మంచిగనే ఉంటడు, ఇంటికొస్తే మాట్లాడడు, వానికి పొగరు" అని అమ్మ పిన్నితో ఫోన్లో అంటుంది.

ఆ వేషం వెల ఎంతో పరిశోధకులు లెక్కగట్టారు. పెద్ద వయసులో ఆస్పర్జర్స్ ఉందని తేలిన 374 మందిని కేంబ్రిడ్జ్ బృందం అడిగితే, 243 మంది చచ్చిపోవాలన్న ఆలోచన తమకు వచ్చిందని చెప్పారు. 2014లో లాన్సెట్ సైకియాట్రీలో అచ్చయిన లెక్క అది. తమ తీరును లోకం నుంచి దాచుకుంటూ బతకడానికీ ఈ ఆలోచనకూ సంబంధం ఉందని తర్వాతి అధ్యయనాలు చెప్పాయి. (ఇది చదువుతున్నవాళ్లలో ఎవరికైనా ఆ ఆలోచన తిరుగుతుంటే 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ అది, తెలుగులో మాట్లాడతారు.) ఇంత ప్రాణాంతకమైన దాన్ని "పర్సనాలిటీ డెవలప్‌మెంట్" అని పేరు పెట్టి ఫీజు తీసుకుని మరీ నేర్పుతున్నారు.

మా ప్రాంతంలో ఈ నాటకం ఎక్కడ ఎక్కువ ఆడాలో చెప్తా. 2008 మార్చిలో విమానాశ్రయం తెరిచాక ఇక్కడి పొలాల్లో గోదాములు, హోటళ్లు, విమానాల మరమ్మతు షెడ్లు, ప్యాకింగ్ కేంద్రాలు మొలిచాయి. గగన్‌పహాడ్ నుంచి పాల్మాకుల దాకా డిగ్రీ అయిన ప్రతి పిల్లా, పిల్లాడూ ఎయిర్‌పోర్ట్ జాబ్ అంటారు. మంచిదే. ఆ జాబ్‌కు ఒక రాత పరీక్ష, ఒక గ్రూప్ డిస్కషన్, ఒక హెచ్.ఆర్. రౌండు. రాత పరీక్షలో నాకెప్పుడూ ఇబ్బంది లేదు. గ్రూప్ డిస్కషన్‌లో ఎనిమిది మంది ఒకేసారి మాట్లాడతారు. ఎవరి మాట ఎప్పుడు ఆగుతుందో, ఎక్కడ దూరాలో నాకు తెలియదు. తెలిసేలోగా బెల్లు కొడతారు. హెచ్.ఆర్. రౌండులో "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్". ఎక్కడి నుంచి చెప్పాలి? ఎంతసేపు చెప్పాలి? నిజం చెప్పాలా, వినాలనుకున్నది చెప్పాలా?

ఒక సంస్థ నన్ను "కమ్యూనికేషన్ స్కిల్స్ లేవు" అని రాసి పంపించింది. ఆ ఉద్యోగం ఏమిటో తెలుసా? రాత్రి షిఫ్టులో డబ్బాల మీది బార్‌కోడ్‌లు కంప్యూటర్‌లోని జాబితాతో సరిచూడటం. అక్కడ నేను మాట్లాడాల్సింది డబ్బాలతో. ఐదు వందల డబ్బాల్లో ఒక అంకె తేడా ఉంటే నా కంటికి అదే ముందు తగులుతుంది. అది ఎవరూ పరీక్షించలేదు. నా చూపు వాళ్ల కనుబొమ్మల మధ్య నిలబడిందా, బల్ల మీది నీళ్ల సీసా దగ్గర ఆగిందా అన్నదే పరీక్ష.

నేను కళ్లలోకి ఎందుకు చూడనో ఒక్కసారి చెప్తాను, మళ్లీ అడగొద్దు. చూస్తే మాట వినపడదు. ఎదుటివాళ్ల కళ్లు, నుదురు, పెదవుల కదలిక, అన్నీ ఒకేసారి మీద పడి మాట మునిగిపోతుంది. పక్కకు చూస్తే ప్రతి అక్షరమూ వినపడుతుంది. అంటే నేను పక్కకు చూస్తున్నానంటే మీ మాట శ్రద్ధగా వింటున్నానని అర్థం. మీరు దాన్ని అబద్ధమనో, అమర్యాదనో, భయమనో రాసుకుంటున్నారు.

వీళ్లకు మనుషులు అర్థం కారు అని మా మీద ఒక పాత నింద ఉంది. 2012లో డేమియన్ మిల్టన్ అనే ఆటిస్టిక్ పండితుడు దాన్ని తిరగేశాడు. అర్థం కాకపోవడం రెండు వైపులా ఉంది, నేరం మాత్రం ఒక వైపే మోపుతున్నారన్నాడు. 2020లో ఎడిన్‌బరోలో కేథరిన్ క్రాంప్టన్ బృందం దాన్ని ఒక ఆటలా పరీక్షించింది. మనం చిన్నప్పుడు వరసగా కూర్చుని చెవిలో మాట చెప్పుకునే ఆటే. ఎనిమిదేసి మంది వరస, మొదటివాడికి ఒక కథ చెప్తారు, అతను పక్కవాడికి చెప్పాలి. అందరూ ఆటిస్టిక్ అయిన వరసలో కథ ఎంత నిలిచిందో, ఎవరూ ఆటిస్టిక్ కాని వరసలోనూ అంతే నిలిచింది. రెండు రకాలవాళ్లనూ కలిపిన వరసలోనే కథ తొందరగా చెదిరిపోయింది. ఇది చదివాక కూడా కమ్యూనికేషన్ స్కిల్స్ లేనిది మాకేనని రాసే హెచ్.ఆర్. మేనేజరు ముందు తన స్కిల్స్ చూసుకోవాలి.

ఇక సర్కారు సంగతి. ఆటిజాన్ని కొలిచే భారతీయ కొలబద్ద ఐఎస్ఏఏ పుట్టింది మన సికింద్రాబాద్‌లోనే, బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యాల మీద పనిచేసే జాతీయ సంస్థలో. 2009లో వచ్చింది. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. మొత్తం 70 కన్నా తక్కువైతే మీకు ఆటిజం లేనట్టే. అందులో మొట్టమొదటి అంశం ఏమిటో చూడండి: చూపు కలపడం. ఇరవై ఏళ్లు తిట్లు తిని, చెంపదెబ్బలు తిని చూపు కలపడం నేర్చుకున్నవాడికి ఆ గడిలో మార్కు తగ్గుతుంది. మొత్తం 70కి చేరకపోతే వైకల్య సర్టిఫికెట్ రాదు. సర్టిఫికెట్ లేనివాడికి చట్టం లేదు. పోనీ నేర్చుకోకుండా ఉండి సర్టిఫికెట్ తెచ్చుకున్నాడనుకోండి, దాన్ని చూసిన కంపెనీ ఇంటర్వ్యూకే పిలవదు. నటిస్తే హక్కు పోతుంది, నటించకపోతే ఉద్యోగం పోతుంది. ఈ రెండింటి మధ్య నిలబడ్డ కుర్రాడికి మీరు పాజిటివ్ థింకింగ్ మీద ఉపన్యాసం ఇస్తారు!

వైకల్య సర్టిఫికెట్ల కోసం పెట్టే సదరం క్యాంపు అనగానే జనం చక్రాల కుర్చీలు, చేతికర్రలు ఊహించుకుంటారు. రెండు కాళ్లమీద నడిచొచ్చి, డిగ్రీ పట్టా చేత్తో పట్టుకుని లైన్లో నిలబడ్డవాణ్ణి చూసి, "నీకేమైంది, మంచిగనే ఉన్నవ్ గదా?" అని పక్కనున్న అవ్వ కూడా అడుగుతుంది. అవ్వ తప్పేం లేదు. 2011 జనాభా లెక్కల్లో వైకల్యాలను ఎనిమిది రకాలుగా రాసుకున్నారు, అందులో ఆటిజానికి గడి లేదు. దేశంలో పిల్లల ఎదుగుదల సమస్యల మీద ఐదు చోట్ల జరిగిన పెద్ద సర్వేలో హైదరాబాద్ కూడా ఒకటి. 2018లో ఫలితాలొచ్చాయి. వాళ్లు చూసింది 2 నుంచి 9 ఏళ్ల పిల్లల్ని. తొమ్మిది దాటాక మేమేమయ్యామో లెక్క రాసినవాడు లేడు. ఊళ్లో థెరపీ సెంటర్ బోర్డు మీద బొమ్మ చూడండి, ఎప్పుడూ మూడేళ్ల పిల్లాడే. మేం పెరుగుతామని, మాకూ మీసాలొస్తాయని, అద్దె కట్టాలని, ఒక అమ్మాయి నచ్చుతుందని ఆ బోర్డు పెట్టినవాళ్లకు తోచలేదేమో.

అమ్మాయి మాట వచ్చింది కాబట్టి పెళ్లి గురించి. మన ఇళ్లల్లో దీన్ని మించిన మందు లేదు. "పెండ్లి చేస్తే అదే సెట్ అయితది." ఎవరు సెట్ అవుతారు? ఆ ఇంటికి ఏమీ తెలియకుండా అడుగుపెట్టిన పిల్ల తన బతుకంతా సెట్ చేస్తూ కూర్చోవాలా? మావాళ్లు నా కాగితాన్ని బీరువాలో బట్టల కింద పెట్టారు. చెల్లి సంబంధాలు పాడవుతాయట. నేను ఇష్టపడినవాళ్లకు నా సంగతి చెప్పే హక్కు నాది. దాచి చేసే పెళ్లి మోసం, దానికి ఎన్ని ముహూర్తాలు పెట్టినా మోసమే. ఆటిజం ఉన్న ఆడపిల్లల గతి ఇంకా అన్యాయం. నోరెత్తకుండా మూలన కూర్చున్న పిల్లను "ఎంత అణకువ" అని మెచ్చుకుని ఇంకో ఇంటికి పంపేస్తారు. ఆమెకు పేరు తెలియదు, కారణం తెలియదు. తెలిసేది అత్తింటి తిట్లే. పెళ్లి మందు చాలనట్టు, స్టెమ్ సెల్స్ ఎక్కించి నయం చేస్తామనే దుకాణాలున్నాయి. ఆటిజానికి ఆ చికిత్సను సిఫార్సు చేయడం లేదని నేషనల్ మెడికల్ కమిషన్ 2022 డిసెంబరులోనే చెప్పింది. అయినా పొలం అమ్మి డబ్బు కట్టే నాన్నలు ఆగలేదు.

సినిమావాళ్లు మాకు చేసిన ఉపకారం కూడా చెప్పాలి. 2010లో వచ్చిన 'మై నేమ్ ఈజ్ ఖాన్'లో షారుఖ్ పాత్రకు ఆస్పర్జర్స్. అతణ్ణీ విమానాశ్రయంలోనే ఆపి సోదా చేస్తారు. ఆ ఒక్క దృశ్యం నిజం. మిగతాదంతా మంచితనం, త్యాగం, చివరికి అమెరికా అధ్యక్షుడితో కలయిక. ఆటిజం ఉన్నవాడు తెర మీద కనపడాలంటే మహాత్ముడన్నా కావాలి, లెక్కల మాంత్రికుడన్నా కావాలి. నేను రెండూ కాను. విమానాల పిచ్చి ఉంది, నిజమే. మా పెద్ద రన్‌వే పొడవు 4260 మీటర్లని, గాలి ఏ వైపు నుంచి వీస్తే విమానాలు ఏ వైపు దిగుతాయో నిద్రలో లేపి అడిగినా చెప్తా. దాంతో నాకు కోట్లు రావు, ప్రపంచం మారదు, ఆనందం వస్తుంది. ఆనందం చాలదా? ప్రతిభ ఉంటేనే బతకనిస్తామనే మెచ్చుకోలు కూడా అవమానమే.

ఆనందం గురించి అడగనివాళ్లే ఎక్కువ కాబట్టి నేనే చెప్తా. షేర్ ఆటోలో డ్రైవర్ పక్కన కూర్చుంటే ఒక వైపే మనిషి తగులుతాడు. అది నా సీటు. డ్రైవరన్న నన్ను చూడగానే అక్కడున్నవాణ్ణి వెనక్కి పంపిస్తాడు. ఎందుకని ఇంతవరకూ అడగలేదు. గోదాములో మా సూపర్‌వైజర్ ఏ పని చెప్పినా నోటితో చెప్పి వదలడు, వాట్సాప్‌లో వరసగా రాసి పెడతాడు. నా కోసం మొదలుపెట్టాడు, ఇప్పుడు అందరికీ అలాగే పంపుతున్నాడు, తప్పులు తగ్గాయంటున్నాడు. రన్‌వే పక్క ఊళ్లో పెరిగినవాడికి చప్పుడంటే భయమేంటని నవ్వుతారు. విమానం వస్తున్నది ముందే తెలుస్తుంది, ఎంతసేపు ఉంటుందో తెలుస్తుంది, పోతుంది. పెళ్లి బరాత్ డీజే ఎప్పుడు మొదలవుతుందో, ఎప్పుడు ఆగుతుందో దేవుడికి కూడా తెలియదు. ఆ రోజుల్లో చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మిద్దె మీదికి వెళ్తా. ఒక స్నేహితుడున్నాడు, నాలాంటివాడే. ఇద్దరం పక్కపక్కన కూర్చుని గంటసేపు ఒక్క మాటా లేకుండా దిగే విమానాలు చూస్తాం. మాకు అది పండగ. పాజిటివ్‌గా బతకడమంటే నా మటుకు ఇదే. ఇందులో నా మనోధైర్యం పాలెంత? పావలా. మిగతా ముప్పావలా ఆ ఆటో అన్నది, ఆ సూపర్‌వైజర్‌ది.

మళ్లీ విమానాశ్రయానికి వస్తా. రాంచీ గొడవ తర్వాత 2022 జులైలో డీజీసీఏ నిబంధన మార్చింది. వైకల్యం కారణంగా ఎవరినీ విమానం ఎక్కనివ్వకుండా ఆపకూడదు. ప్రయాణంలో ఆరోగ్యం దెబ్బతింటుందని అనుమానం ఉంటే డాక్టరు స్వయంగా చూసి చెప్పాలి, కౌంటర్ దగ్గరి ఉద్యోగి చెప్పకూడదు. టికెట్ల వ్యవస్థలో మాలాంటివాళ్ల కోసం డీపీఎన్ఏ అని ఒక సంకేతం ప్రపంచమంతా ఉంది. దాని అర్థం ఈ ప్రయాణికుడికి మేధో లేదా ఎదుగుదల వైకల్యం ఉంది, సాయం కావాలి అని. కౌంటర్‌లో ఆ మాట అని చూడండి. తరచూ వచ్చేది చక్రాల కుర్చీ. నాకు కావాల్సింది సోదా ఎలా చేస్తారో, ఎక్కడ చేయి వేస్తారో ముందుగా చెప్పే మనిషి. గేటు మారితే గట్టిగా అరవకుండా వచ్చి చెప్పే మనిషి. లండన్ గాట్విక్‌లో 2016లో పొద్దుతిరుగుడు పూల బొమ్మలున్న ఆకుపచ్చ మెడతాడు మొదలుపెట్టారు, కనపడని వైకల్యానికి గుర్తుగా. అక్కణ్ణుంచి ఎన్నో దేశాలకు పాకింది. మంచి ఆలోచన. కానీ ఆ తాడు చూసినవాడికి ఏం చేయాలో నేర్పకపోతే, ఎక్కడైనా అది మెడలో ఇంకో పూలదండే.

చట్టం లేక కాదు ఇదంతా. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని 21 వైకల్యాల్లో పేరు పెట్టి చేర్చింది. సర్కారు కొలువుల్లో ఆటిజానికి, మేధో వైకల్యానికి, అభ్యసన వైకల్యానికి, మానసిక వ్యాధికి, బహుళ వైకల్యాలకు అన్నిటికీ కలిపి ఒక్క శాతం విదిల్చింది. అది అటుంచండి. 21వ సెక్షన్ ప్రైవేటు కంపెనీలనూ వదల్లేదు. ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానం రాసుకుని, ప్రకటించి, దాని ప్రతిని రాష్ట్ర కమిషనర్ దగ్గర నమోదు చేయాలి. ఇరవై, అంతకు మించి ఉద్యోగులున్న చోట ఎలాంటి ఉద్యోగాలు, ఎంపిక ఎలా, ఏం సదుపాయాలు, బాధ్యత ఎవరిది అని అందులో ఉండాలి. వెబ్‌సైట్‌లో పెట్టాలి, లేదంటే ఆఫీసులో అందరికీ కనపడేచోట అంటించాలి. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి జరిమానా పది వేల రూపాయల దాకా. ఎయిర్‌పోర్ట్ రోడ్డు మీది పెద్ద హోటల్లో కంపెనీ డిన్నర్‌కు అంతకన్నా ఎక్కువే అవుతుంది. అందుకే భయం లేదు.

భయం లేకపోతే సిగ్గన్నా ఉండాలి కదా. నేను అడుగుతున్నవి ఖర్చు లేని పనులు. ఇంటర్వ్యూ ప్రశ్నలు ముందు రోజు పంపండి. గ్రూప్ డిస్కషన్ తీసేసి ఒక పూట పని ఇచ్చి చూడండి. కళ్లలోకి చూడలేదని మార్కులు కోయకండి. చెప్పే పని రాసి ఇవ్వండి. భోజనం బల్ల దగ్గర ఒక్కణ్ణే తింటుంటే "ఏమైంది?" అని చుట్టూ మూగకండి, ఏమీ కాలేదు, తింటున్నా.

ఇది చదువుతున్న మీరు శంషాబాద్ చుట్టుపక్కలనో, ఇంకెక్కడో, ఇరవై మందికి తక్కువ కాని సంస్థలో పనిచేస్తుంటే, ఈ వారం మీ హెచ్.ఆర్. దగ్గరికి వెళ్లి 21వ సెక్షన్ కింద రాసిన ఆ విధానపత్రం చూపించమనండి. నా కోసం అడగకండి, మీ పేరుతోనే అడగండి, ఈమెయిల్‌లో అడగండి. అది చూపించలేని కంపెనీకి ఆటిజం దినమంటూ ఏప్రిల్ 2న నీలం దీపాలు వెలిగించే అర్హత లేదు.